ప్లాస్టర్ వేసిన ట్రిప్ స్విచ్

"కేసు తేలిపోయింది. మీరు శ్రమపడి రానక్కర్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుమ్మంలో చెప్పులు విడుస్తున్న డిటెక్టివ్‌ని చూసి. "అల్లుడే చేశాడు. పన్నెండింటికల్లా స్టేషన్‌కి తీసుకుపోతున్నాను."

"తేలిపోయిన కేసులో తేలనిది ఒకటి మిగిలిపోయిందిట. చూసిపోదామని వచ్చాను."

"ఏమిటది?"

"చూస్తే కదా తెలిసేది!"

ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరుకున్నాడు. ఈ ఇద్దరికీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. ఇన్‌స్పెక్టర్‌కి తొందరెక్కువ, డిటెక్టివ్‌కి తీరికెక్కువ. ఒకాయన ముందు మనిషిని పట్టుకుని తర్వాత సాక్ష్యం వెతికితే, రెండో ఆయన సాక్ష్యం దొరికినా సరే, దాన్ని తిరగేసీ మరగేసీ చూసి ఎదుటివాడి ప్రాణం విసిగిస్తాడు. అయినా ఇవాళ డిటెక్టివ్ తీరిగ్గా లేడు.

ఎలా ఉంటాడు? ఆస్పత్రిలో తలకీ చేతికీ కట్లతో పడుకున్న మనిషి నర్సమ్మ గారు మరి! డిటెక్టివ్ ఒక్కగానొక్క కూతురు పుట్టగానే ఏడవలేదు. డాక్టరు పెదవి విరిచేశాడు. అప్పుడు ఆ పసిగుడ్డు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది, వీపు రుద్ది, చివరికి కెవ్వుమనిపించింది ఈవిడే. ఆ కూతురికిప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఈ చుట్టుపక్కల వీధుల్లో సగం ఇళ్లు ఆవిడకి అలాగే రుణపడి ఉన్నాయి. ఆవిడ రిటైరై చాలాకాలమైనా, ఎవరికి దగ్గొచ్చినా దెబ్బ తగిలినా ఇక్కడికే పరుగెత్తుకొస్తారు.

అలాంటి మనిషి ఉదయం స్నానాల గదిలో షాక్ కొట్టి పడిపోయింది. షాక్ కొట్టింది అక్కడి గోడ హీటర్. నీళ్లు కాచేది కాదు, చలికాలంలో గదిని వెచ్చబెట్టేది. ముందు జాలీ, దాని వెనక ఎర్రగా కాగే కడ్డీ, వెలిగించడానికి కింద వేలాడే తాడు. దాన్ని కొని తెచ్చి బిగించినవాడు అల్లుడు. అల్లుడి ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. అంటే కరెంటుతో కాపురం చేసేవాడే. ఇన్‌స్పెక్టర్‌కి ఆ ఒక్క ముక్క చాలింది.

హాల్లో అల్లుడు కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన కానిస్టేబుల్. లోపలి గది గుమ్మం దగ్గర నర్సమ్మ గారి కూతురు, భుజాన మూడు నెలల పసిపాపతో. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"బాబాయ్ గారూ," అంటూ ఎదురొచ్చింది. "అమ్మ ఆస్పత్రిలో, ఈయన స్టేషన్లో అయితే నేనీ పిల్లతో ఏమైపోవాలి?"

"ఏం కాదు తల్లీ. అమ్మ ఎలా ఉంది?"

"ప్రాణానికి భయం లేదన్నారు. మత్తు దిగేదాకా మాట్లాడించొద్దన్నారు."

డిటెక్టివ్ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. ప్రాణానికి భయం లేదు. ఇక మిగతా పని ఎంతసేపు?

"కూర్చో. పొద్దున్న ఏం జరిగిందో వరసగా చెప్పు. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నా గదిలోనే, పాప పక్కన పడుకున్నాను. ఈయన అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయారు. పాపకి నీళ్లు పోసే ముందు తను స్నానం చేసొస్తానని వెళ్లింది అమ్మ. కాసేపటికి ఫ్యాను ఆగిపోయింది. ఫ్యాను ఆగితే ఇది ఒక్క క్షణం ఊరుకోదు. లేచి గుక్కపట్టింది. ఎత్తుకుని, 'అమ్మా, కరెంటు పోయింది, చీకట్లో జాగ్రత్త' అని బాత్రూం దగ్గరికెళ్లి చెప్పాను. పలకలేదు. తలుపు తోశాను..."

"గడియ వేసుకోలేదా?"

"వయసు మళ్లినవాళ్లు లోపల గడియ వేసుకోకూడదని అందరికీ చెప్పేది అమ్మే కదండీ."

"ఆ మాట ఎంత మంచిదైంది! సరే, ఫ్యాను ఆగడానికీ నువ్వు తలుపు తోయడానికీ మధ్య?"

"రెండు నిమిషాలు కూడా ఉండదు."

"కరెంటు వీధంతా పోయిందా?"

ఆమె ఆలోచించింది. "లేదు బాబాయ్ గారూ. మేడ మీద మిక్సీ తిరుగుతూనే ఉంది. దాని మోతకి నా కేక వాళ్లకి వినపడలేదు. రెండోసారి అరిస్తే వడ్రంగి బాబాయ్ దిగొచ్చి, అమ్మని ఆయనే ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ వాచీ వైపు చూసుకున్నాడు.

"నా సాక్ష్యం కూడా వినండి మరి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒకటి, నిన్న సాయంత్రం అత్తకీ అల్లుడికీ పెద్ద గొడవ. వీధి చివరిదాకా వినపడింది. రెండు, ఇవాళ రోజూకంటే ముందే డ్యూటీకి పోయాడు. మూడు, ఇది." జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో తెల్లగా, నలిగిన గుడ్డ ప్లాస్టర్ ముక్క. "కరెంటు బోర్డులో ట్రిప్ స్విచ్ ఉంటుంది చూశారూ, కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోకి పోతే టక్కున ఆపేది? దాని మీట పడిపోకుండా పైకెత్తి, దీంతో అంటించేశాడు. చావమని వదిలేసి డ్యూటీకి పోయాడు. ఇంకేం కావాలి మీకు?"

"నేను అంటించలేదు సార్," అన్నాడు అల్లుడు తలెత్తకుండా. ఆ మాట ఉదయం నుంచి ఎన్నిసార్లు అన్నాడో, అందులో పస పోయింది.

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాడు. "గొడవ దేనికి నాయనా?"

"ఆ స్విచ్ గురించేనండి. వారం నుంచి అత్తయ్య స్నానానికి వెళ్లినప్పుడల్లా ట్రిప్ అవుతోంది. విసుగొచ్చి దాన్ని పీకి పారెయ్యమంది. నేను చచ్చినా పీకనన్నాను. అది పడిపోతోందంటే ఎక్కడో లోపముందని మనకి చెబుతోంది, దాన్ని పీకడమంటే కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టేసినట్టే అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడా గట్టిగానే అంది."

"మరి లోపమేమిటో చూశావా?"

అల్లుడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆదివారం చూస్తానన్నాను. ఆవిడ గది వైపు బాత్రూం మేమిద్దరం వాడం. హీటర్‌ని పైకప్పుకి దగ్గరగా, నీళ్లు ఎగిరినా అందనంత ఎత్తులో పెట్టాను, దానికేం కాదులే అనుకున్నాను. నిన్ననే చూసుంటే..."

"అదీ మాట! ఎక్కడ పెట్టానన్నావు?"

"పైకప్పుకి దగ్గర. తలుపు పైన, గోడకి."

డిటెక్టివ్ చటుక్కున లేచాడు.

స్నానాల గది చిన్నది. నేలంతా నీళ్లు, ఒక మూల పడిన చెంబు, కొక్కేనికి పాప తువ్వాలు. లోపలికి అడుగుపెట్టే ముందు డిటెక్టివ్ నడవలోకి వెళ్లి బోర్డులో మెయిన్ స్విచ్ కిందకి లాగాడు. హాల్లో ఫ్యాను ఆగింది, పాప ఏడుపందుకుంది.

"ఏమిటండీ ఈ చాదస్తం? హీటర్ స్విచ్ ఎప్పుడో ఆపించాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇవాళ ఒక మనిషి మిగిలింది. అదే పదివేలు. రెండో మనిషితో పరీక్ష ఎందుకూ?"

టార్చి వెలిగించి గోడ చూశాడు. హీటర్ తలుపు పైన లేదు. కుళాయి పక్కన, మనిషి ఛాతీ ఎత్తున ఉంది! చెంబుతో నీళ్లు పోసుకుంటే తుంపర నేరుగా జాలీ మీదే పడుతుంది. వెలిగించే తాడు తడిసి గోడకి అంటుకుపోయింది. డిటెక్టివ్ స్టూలెక్కి తలుపు పైనున్న గోడ తడిమాడు. అక్కడ నాలుగు చోట్ల గోడ నున్నగా తగిలింది. గోరుతో గీకితే మెత్తటి పిండిలాంటిది రాలింది.

"వాసన చూడండి," అని వేలు చాపాడు.

"నేను చూడను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అయినా ముక్కు తనంతట తానే ముందుకొచ్చింది. "చెక్కపొట్టులా ఉంది."

"చెక్కపొట్టే. జిగురులో కలిపి పాత కన్నాలు పూడ్చి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దారు. ఇక్కడో కన్నముండేదని చూసేవాడికి తెలియకూడదని కాదు, పని అందంగా ఉండాలని."

కిందకి దిగి హీటర్ స్క్రూలు విప్పాడు. హీటర్ ముందుకొచ్చింది. గోడలో స్క్రూలు పట్టడానికి వేసే ప్లాస్టిక్ ప్లగ్గులకి బదులు ముచ్చటగా చెక్కిన నాలుగు చెక్క ముక్కలు దిగ్గొట్టి ఉన్నాయి. వాటిల్లో తలుపులకి వాడే స్క్రూలు. వెనక, వైరు చాలక ఇంకో ముక్క అతికించారు. ఆ అతుకు తడిగా ఉంది. పాత వైరులో మూడు తీగలుంటే, కొత్త ముక్కలో రెండే ఉన్నాయి.

డిటెక్టివ్ టార్చి ఆ అతుకు మీదకి తిప్పాడు. మూడోది, ఆకుపచ్చది, భూమికి కలిపే తీగ. లోపల ఏదైనా తెగి హీటర్ ఒంటికి కరెంటు పాకితే దాన్ని మోసుకుపోయి నేలలో పారబోసేది. దాన్ని ఎవరో అక్కర్లేదనుకుని మడిచి వదిలేశారు. ఇనప పెట్టెకి కరెంటు ఎక్కింది. నర్సమ్మ గారి తడి చెయ్యి దానికి తగిలింది.

"చూశారా! ఆకుపచ్చ తీగ తీసేశాడు. కావాలనే!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరు? పైన పెట్టినవాడా, కిందకి దించినవాడా?"

"ఇద్దరూ ఒకడే."

"అలాగా. రండి, బోర్డు దగ్గరికి."

విప్పిన తీగల కొసలకి టేపు చుట్టి, హీటర్ దారి పూర్తిగా కట్ చేసి, మెయిన్ మళ్లీ వేశాడు. ఫ్యాను తిరిగింది. పాప ఊరుకుంది. నడవలో అందరూ బోర్డు చుట్టూ చేరారు.

"పొద్దున్న మీరొచ్చేసరికి ట్రిప్ స్విచ్ మీట ఎలా ఉంది?"

"పైకి. దీంతో అంటించి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కవరు ఊపుతూ. "అందుకే కదా కరెంటు ఆగకుండా ఆవిడని పట్టుకుంది!"

"ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయా?"

వెనకనుంచి కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "లేదండి. నేనే ఆ ముక్క పీకి, మీట కిందకీ పైకీ చేస్తే వచ్చింది."

"విన్నారా? మీట పైకి ఉంది, కరెంటు మాత్రం లేదు. ఎలాగంటారు?" డిటెక్టివ్ ఎడమచేతి వేలితో మీటని గట్టిగా పైకి నొక్కిపట్టాడు. కుడిచేతి వేలితో దాని పక్కనున్న చిన్న టెస్ట్ బటన్ నొక్కాడు. లోపల టక్‌మని శబ్దమైంది. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది. మీట మాత్రం వేలి కింద పైకే ఉంది.

"అదేంటి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దాని తెలివి మీటలో లేదండీ, లోపల ఉంది. మీటని ఎంత పట్టుకున్నా, కట్టేసినా, అంటించినా, ఆపాల్సినప్పుడు అది ఆపి తీరుతుంది. అందుకే ఉదయం నర్సమ్మ గారి చెయ్యి తగలడంతోనే సరఫరా తెగింది. ఫ్యాను ఆగింది. పాప లేచింది. పాప ఏడవబట్టి ఈ పిల్ల లేచింది. రెండు నిమిషాల్లో మనిషిని చూడగలిగారు. షాక్ ఆవిడని చంపలేదు, కిందపడి తల తగిలింది, అంతే." ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "మీట అంటిస్తే ట్రిప్ అవదా, నాయనా?"

"అవుతుందండీ. లిఫ్టుల దగ్గర రోజూ చూస్తాం."

"ఆ సంగతి తెలిసినవాడు చంపడానికి ప్లాస్టర్ అంటిస్తాడా, ఇన్‌స్పెక్టర్ గారూ? తెలియనివాళ్లు అంటిస్తారు. అదీ చంపడానికి కాదు, విసుగొచ్చి. పైగా ఆ స్విచ్ పీకెయ్యమని ఆవిడ ఒకటే పోరు పెట్టింది. చంపాలనుకున్నవాడైతే ఎగిరి గంతేసి పీకేసేవాడు. ఇతను ఆవిడతో తగువు పడి మరీ దాన్ని ఉంచాడు. ఇవాళ నర్సమ్మ గారు బతికుందంటే ఈ కుర్రాడి మొండితనం వల్ల."

కూతురు ఆ కవరు వైపు అప్పుడే సరిగ్గా చూసినట్టుంది. ఏడుపు మొహంలోనే నవ్వు వచ్చేసింది. "ఇది అమ్మ ప్లాస్టర్, బాబాయ్ గారూ! గాయాలకి వేసేది. కళ్లజోడు విరిగినా ఇదే, కుళాయి కారినా ఇదే, టీవీ రిమోట్ మూత ఊడినా ఇదే. ఇంట్లో దేనికి జబ్బుచేసినా అమ్మ చేసే వైద్యం ఇదొక్కటే!"

అల్లుడు మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. భార్య వెళ్లి పాపని అతని ఒడిలో పెట్టింది. అతను, "అత్తయ్యకి నేను చేశానని అనుమానం రాలేదు కదా?" అన్నాడు.

"పిచ్చా మీకు? మత్తులోకి వెళ్లేముందు మీరు భోంచేశారా అని అడిగింది."

డిటెక్టివ్ మొహం తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం ఇంకా లొంగలేదు.

"సరే, ప్లాస్టర్ ఆవిడది. మరి హీటర్ దించిందెవరు?"

"చెక్కపొట్టుతో కన్నాలు పూడ్చేవాళ్లు మీకెంతమంది తెలుసు? మేడ మీదనుంచి ఆయన్ని పిలిపించండి."

పిలవనక్కర్లేకపోయింది. మెట్ల మలుపులో నిలబడి అంతా వింటున్న వడ్రంగి తనే దిగొచ్చాడు. యాభై దాటిన మనిషి. చొక్కామీద నర్సమ్మ గారిని ఎత్తుకెళ్లినప్పటి రక్తపు మరక అలాగే ఉంది. వచ్చీ రావడంతోనే అల్లుడి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నేనే బాబూ. నేనే దించాను. పాపకి నీళ్లు పోస్తుంటే వెచ్చదనమంతా పైనే ఉండిపోతోంది, పిల్ల వణుకుతోంది, కాస్త కిందకి పెట్టవా అంది అక్కయ్య. నా భార్య కాన్పులో చావుదాకా పోతే కాపాడిన మనిషి అడిగితే నాకు రాదని ఎలా అంటాను? అల్లుడికి తెలిస్తే కోప్పడతాడు, అమ్మాయికి కూడా చెప్పొద్దంది. దించాను. దీపానికి రెండు తీగలే కదా, మూడోది ఎందుకులే అనుకున్నాను. నా చేతులతో నేనే..."

"పొద్దున్న ఎందుకు చెప్పలేదు?" గద్దించాడు ఇన్‌స్పెక్టర్.

"భయమేసింది సార్."

ఇన్‌స్పెక్టర్ చేతిలోని కవరు జేబులో పెట్టుకున్నాడు. డిటెక్టివ్ మనసులో మాత్రం పాప తువ్వాలు మెదిలింది. నర్సమ్మ గారు ముందు తను స్నానం చేసి, ఆ తర్వాత పాపని ఆ గదిలోకి తీసుకెళ్లాల్సింది. తడి చేతుల్లో పాప, పక్కనే ఆ ఇనప పెట్టె. ఆయనకి ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆ ట్రిప్ స్విచ్‌కే పెట్టాలనిపించింది.

అంతలో మరో ఆలోచన తట్టింది. "ఇలాంటి పని ఇంకెక్కడైనా చేశావా?"

వడ్రంగి తలెత్తి ఇన్‌స్పెక్టర్ వైపు బెదురుగా చూశాడు. "ఇంకొక్కచోట. నిన్న మధ్యాహ్నం. అక్కయ్య గారింట్లో చూసి ముచ్చటపడి, మాకూ అలాగే దించిపెట్టమన్నారు... సార్ వాళ్ల మేడమ్ గారు."

"ఏ సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మరుక్షణం ఆయన మొహం పాలిపోయింది.

"మీ ఇంట్లో ట్రిప్ స్విచ్ ఉందా సార్?" పాపని భార్యకిచ్చి లేస్తూ అడిగాడు అల్లుడు.

"తెలీదు. పాత ఇల్లు. ఏదీ లేదనుకుంటా." ఇన్‌స్పెక్టర్ ఫోను తీశాడు. భార్య ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగింది. మూడోసారి తన కూతురి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు.

"ఏంటి నాన్నా?"

"అమ్మేది?"

"స్నానానికెళ్లింది."

"మెయిన్ ఆపు! వంటింటి గోడకి పెద్ద స్విచ్, కిందకి లాగెయ్! బాత్రూం తలుపు ముట్టుకోకు, ముందు మెయిన్!"

"ఎందుకు? నేను ఆన్‌లైన్ క్లాసులో ఉన్నా, కంప్యూటర్..."

"ఆపవే తల్లీ, నీకు దండం పెడతాను!"

పరుగు తీసిన అడుగుల చప్పుడు వినిపించింది. టప్‌మని ఏదో పడింది.

"ఆపాను నాన్నా."

"అమ్మని పిలువు."

"అమ్మా! అమ్మా!" తలుపు బాదుతున్న శబ్దం. జవాబు లేదు. "అమ్మా! పలకట్లేదు నాన్నా..."

ఇన్‌స్పెక్టర్ గోడకి చెయ్యి ఆనించాడు. అంతసేపూ తనని నేరస్థుడిగా కూర్చోబెట్టిన ఆ మనిషి భుజం కింద చెయ్యేసి పట్టుకున్నది అల్లుడే. ఫోనులో కూతురు మళ్లీ తలుపు బాదింది. ఎక్కడో ధారగా పారుతున్న నీళ్లు ఆగాయి.

"ఎవరే అది కరెంటు తీసింది?" లోపలినుంచి ఒక గొంతు ఖంగుమంది. "చీకట్లో సబ్బు కళ్లల్లో పడి చస్తున్నాను! మీ నాన్నేనా? ఇంట్లో ఉన్నా లేకపోయినా నన్ను ప్రశాంతంగా స్నానం చెయ్యనివ్వడు కదా! రానీ ఇవాళ, చెబుతాను ఆ మనిషి సంగతి!"

ఇన్‌స్పెక్టర్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియడం లేదు. భార్య తిట్లు ఇంకా వస్తున్నా, ఫోను కట్ చేయడానికి చేతులు రావడం లేదు. కాసేపటికి టోపీ తీసి అల్లుడి వైపు చూశాడు. "బాబూ, నిన్ను నేను చాలా మాటలన్నాను. అయినా అడుగుతున్నాను. మా ఇంటికొచ్చి ఆ హీటర్ తీసేస్తావా?"

"తీస్తాను సార్. ఆస్పత్రిలో అత్తయ్యని చూసి నేరుగా మీ ఇంటికే వస్తాను. కానీ ట్రిప్ స్విచ్ పెట్టందే వదలను. అది మాటిమాటికీ పడిపోతోందని మేడమ్ గారు తిట్టినా సరే, పీకను."

"తిట్టనీ నాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కళ్లు తుడుచుకుంటూ. "ఎంతసేపైనా తిట్టనీ. తిట్టడానికి మనిషి ఉంది."